పుస్తకంలో ఉన్నట్టా, చేతికొచ్చినట్టా: బ్యాగ్‌పైప్ యువతరం ముందున్న చిక్కు

ఏటా ఆగస్టులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం బ్యాగ్‌పైపులతో మోగిపోతుంది. గ్లాస్గో గ్రీన్ అనే పెద్ద మైదానంలో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలు జరుగుతాయి. టీనేజీ దాటని పిల్లలు కూడా కిల్టులు కట్టుకుని వలయంగా నిలబడి వాయిస్తారు. బ్యాండ్‌లో పైపర్లు ఎంతమంది ఉన్నా ఒక్కరే వాయిస్తున్నట్టు వినిపించాలి. ఒకరి వేలు రెప్పపాటు ఆలస్యంగా లేచినా జడ్జి కాగితం మీదకు ఎక్కుతుంది. అదే వారంలో, అదే ఊళ్లో 'పైపింగ్ లైవ్' అనే ఉత్సవం 2004 నుంచి నడుస్తోంది. అక్కడ వాతావరణమే వేరు. పగలు పోటీలో పొల్లుపోకుండా వాయించిన కుర్రాడే సాయంత్రం గిటారు, ఫిడేలు పక్కన నిలబడి తను కట్టిన ట్యూన్ తన ఇష్టం వచ్చిన వేగంలో వాయించవచ్చు.

ఈ రెంటిలో ఏది అసలైన పైపింగ్ అన్న వాదన కొన్ని తరాలుగా నడుస్తోంది. పెద్దవాళ్లు సంప్రదాయం అంటారు, కుర్రవాళ్లు సొంత శైలి అంటారు అన్నట్టుగా దీన్ని చెప్పడం మామూలు. దగ్గరగా చూస్తే సంగతి అంత తేలిగ్గా తెగదు. ఒక దేశంలో సంప్రదాయం పేరుతో నిలబెట్టిన పద్ధతే పక్క దేశంలో సంప్రదాయం తెలియనితనంగా కనిపిస్తుంది. అందుకే ముందు వాయిద్యం సంగతి, తర్వాత చరిత్ర, ఆ తర్వాత వాదనలు చూద్దాం.

తిత్తి, గొట్టాలు, తొమ్మిది స్వరాలు

బ్యాగ్‌పైప్ అంటే గాలి నిలవ ఉంచుకునే ఒక తిత్తి, దానికి బిగించిన గొట్టాలు. ఒక గొట్టానికి రంధ్రాలుంటాయి. వేళ్లతో పాట పలికించేది దాని మీదే; దాన్ని చాంటర్ అంటారు. మిగతావి డ్రోన్లు, అంటే ఆగకుండా ఒకే స్వరం ఇచ్చే శ్రుతి గొట్టాలు. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం వాడిన తోలు తిత్తి కూడా ఈ కుటుంబానిదే. కాకపోతే దాని పని శ్రుతితో సరి; బ్యాగ్‌పైప్‌లో శ్రుతీ పాటా రెండూ ఒకే తిత్తి గాలి మీద నడుస్తాయి.

మనం రిపబ్లిక్ డే పరేడ్‌లో చూసేది స్కాట్లాండ్‌కు చెందిన హైలాండ్ పైప్. బ్రిటిష్ సైన్యంలోని స్కాటిష్ రెజిమెంట్లతో పాటు మన దేశానికి వచ్చింది. దానికి మూడు డ్రోన్లు, చాంటర్ మీద తొమ్మిది స్వరాలే ఉంటాయి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇలా చెప్పవచ్చు: కింది నిషాదం ఒకటి, తర్వాత స రి గ మ ప ద ని, పైన తార షడ్జం. స్వరస్థానాలు సుమారుగా హరికాంభోజివి. పాటంతా ఆ తొమ్మిదింటిలోనే.

ఈ వాయిద్యానికి ఇంకా రెండు కట్టుబాట్లున్నాయి. శబ్దం పెంచడం, తగ్గించడం కుదరదు. పాట మధ్యలో ఆపడమూ కుదరదు, ఎందుకంటే తిత్తిలో గాలి ఉన్నంతసేపు చాంటర్ మోగుతూనే ఉంటుంది. గాయకుడికైనా వైణికుడికైనా భావం పలికించడానికి దొరికే రెండు పెద్ద దారులూ, అంటే గొంతు తగ్గించడం, కాస్త ఆగడం, ఇక్కడ మూసుకుపోయాయి.

మరి శైలి ఎక్కడ ఉంటుంది?

'గ, గ' అని ఒకే స్వరం రెండుసార్లు పలకాలనుకుందాం. శబ్దం ఆగదు కాబట్టి చెవికి అది ఒకే పొడవాటి గాంధారంగా వినిపిస్తుంది. రెండుగా విడగొట్టాలంటే మధ్యలో మరో స్వరం తళుక్కున మెరిసి మాయం కావాలి. పైపర్ పై నిషాదానికి చెందిన వేలిని రెప్పపాటు లేపి మూస్తాడు. ఆ మెరుపును గ్రేస్ నోట్ అంటారు. ఇలాంటివి రెండు మూడు కలిస్తే ఒక గుత్తి. గుత్తులకు పేర్లున్నాయి: డబ్లింగ్, బర్ల్, టౌర్లువా, క్రున్లువా. పైపింగ్ నేర్చుకునే పిల్లలు నెలల తరబడి వీటినే సాధన చేస్తారు.

కాబట్టి సొంత ముద్ర వేయడానికి పైపర్‌కు ముఖ్యంగా రెండు చోట్లు మిగులుతాయి. ఒకటి, ఏ చోట ఏ గుత్తి వేయాలన్నది. రెండోది, ఏ స్వరాన్ని ఎంతసేపు పట్టుకోవాలన్నది.

రెండోదానికి స్ట్రాత్‌స్పే అనే నృత్య గతి మంచి ఉదాహరణ. అందులో మాత్రను పొడుగు, పొట్టి అని రెండు ముక్కలు చేస్తారు. మాత్రకు 100 భాగాలు అనుకుంటే కాగితం మీద పొడుగుది 75, పొట్టిది 25. ఒకరు దాన్ని 80, 20గా సాగదీశారనుకుందాం. పాట గంభీరంగా, బరువుగా నడుస్తుంది. ఇంకొకరు 70, 30గా వాయిస్తే కాలు లయకు తేలిగ్గా కదులుతుంది. కాగితం మీద ఇద్దరిదీ ఒకే పాట, వినేవాడికి ఇద్దరూ వేరు మనుషులు. బయటివాళ్లకు వినపడనైనా వినపడని ఇంత చిన్న తేడాల మీదే పైపింగ్ లోకంలో పెద్ద తగాదాలు నడిచాయి. వాయిద్యం ఇచ్చిన జాగా అంత ఇరుకు మరి.

స్కాట్లాండ్: సంప్రదాయానికి తేదీలున్నాయి

స్కాటిష్ పైపింగ్‌లో రెండు పాయలున్నాయి. మార్చ్, స్ట్రాత్‌స్పే, రీల్ లాంటి నడకలనూ నృత్య గతులనూ కలిపి కియోల్ బెగ్ అంటారు, చిన్న సంగీతమని. రెండోది కియోల్ మోర్, పెద్ద సంగీతం. దీనికే పీబ్రాక్ అని మరో పేరు. నెమ్మదిగా సాగే మూల రాగాలాపన లాంటి 'ఉర్లార్'తో మొదలై, ఒక్కో ఆవృత్తంలో గుత్తులు చిక్కబడుతూ వెళ్లి, చివరికి మళ్లీ ఉర్లార్ దగ్గరికి వస్తుంది. ఒక్కో రచనకు పది నిమిషాలకు పైనే పడుతుంది. యువ పైపర్ నిజంగా ఎంతవాడో పెద్దలు పీబ్రాక్‌లోనే చూస్తారు.

పీబ్రాక్ మొదట్లో కాగితం మీద లేదు. స్కై ద్వీపంలో డన్‌వెగన్ కోట ప్రభువులైన మక్‌లౌడ్ల దగ్గర తరతరాలుగా ఆస్థాన పైపర్లుగా ఉన్న మక్‌క్రిమన్ కుటుంబం లాంటివాళ్లు దాన్ని నోటితో పాడి నేర్పారు. ప్రతి స్వరానికీ గుత్తికీ ఒక అక్షరం ఉండేది. ఆ పద్ధతి పేరు కౌంటరాక్. పాడి నేర్పితే స్వరం పొడవు, ఊపు, ఎక్కడ సాగదీయాలి అన్నవి పాటతో పాటే శిష్యుడికి చేరతాయి.

1746లో స్కాట్లాండ్ ఉత్తరాది కొండసీమ హైలాండ్స్‌ తిరుగుబాటుదారులు ఓడిపోయిన కలోడెన్ యుద్ధం తర్వాత వచ్చిన చట్టాలు బ్యాగ్‌పైపులను నిషేధించాయని చాలామంది నమ్ముతారు. ఆయుధాలు పట్టకూడదన్న చట్టంలో పైపుల పేరే లేదు. అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. హైలాండ్ ప్రభువుల కొలువులు చెదిరిపోయాయి. పైపర్లకు జీతం ఇచ్చే చేతులు పోయాయి. 1781లో హైలాండ్ సొసైటీ ఆఫ్ లండన్ ఫాల్కర్క్ పట్టణంలో మొదటి పైపింగ్ పోటీ పెట్టింది. పాత సంగీతాన్ని బతికించాలన్నదే వాళ్ల ఉద్దేశం. పోటీ తర్వాత పోటీ వచ్చాయి. పోటీ ఉంటే జడ్జి ఉంటాడు. జడ్జికి ఒక కొలత కావాలి. చెవికి చెవికి కొలత మారిపోతుంటే తీర్పు చెప్పడం కష్టం. కాబట్టి పుస్తకం అవసరమైంది.

1838లో ఆంగస్ మకై పీబ్రాక్‌లను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేశాడు. తర్వాత ఆయనే విక్టోరియా రాణికి పైపర్ అయ్యాడు. 1903లో పీబ్రాక్ సొసైటీ ఏర్పడి, రచనలను సవరించి ప్రచురించడం, పోటీలకు ఏవి వాయించాలో నిర్ణయించడం మొదలుపెట్టింది. 1948లో వచ్చిన కిల్‌బెర్రీ సంకలనం ఎన్నో ఏళ్లపాటు పోటీ పైపర్ల చేతిపుస్తకం. ఒబన్, ఇన్వర్‌నెస్ ఊళ్లలో ఇచ్చే గోల్డ్ మెడల్ కోసం కలలుగనే ఏ కుర్రాడైనా అచ్చులో ఉన్న గుత్తిని ఉన్నట్టుగా వాయించక తప్పని పరిస్థితి వచ్చింది. సైన్యం కూడా దీనికి తోడైంది. రెజిమెంట్‌లో అందరూ ఒకే అడుగు వేయాలి, అందరి పైపూ ఒకే మాట పలకాలి.

ఇక్కడే అసలు ముడి ఉంది. కోలిన్ క్యాంబెల్ అనే ఆయన 1797 ప్రాంతంలో కౌంటరాక్ అక్షరాల్లో రాసుకున్న సంపుటాలు దొరికాయి. అంతకుముందు 1760 ప్రాంతంలో జోసెఫ్ మక్‌డొనాల్డ్ పైపింగ్ మీద రాసిన గ్రంథం ఒకటి ఉంది. ఆ రాతల్లో కనిపించే పాఠానికీ తర్వాత అచ్చైన పాఠానికీ చాలాచోట్ల తేడా ఉంది. గుత్తులు వేరుగా ఉన్నాయి, ఒకే రచనకు ఒకటికి మించి పాఠాలున్నాయి, అలంకారాల రకాలు తర్వాతి కాలం కంటే ఎక్కువ. అంటే 1950ల్లో ఒక కుర్రాడిని 'ఇలా వాయించకూడదు, ఇది సంప్రదాయం కాదు' అని ఆపిన పెద్దాయన కాపాడుతున్నది మక్‌క్రిమన్ల నాటి పద్ధతి అని చెప్పడానికి లేదు. 19, 20 శతాబ్దాల సంపాదకులు ఎంచుకున్న ఒక పాఠాన్ని ఆయన కాపాడుతున్నాడు. ఆ పెద్దాయన నిజాయితీలో లోపం లేదు. ఆయన గురువు ఆయనకు అలాగే నేర్పాడు.

గోర్డన్ డంకన్ చేసిన పని

యువతరం, సొంత శైలి అన్న మాట వస్తే స్కాట్లాండ్‌లో మొదట తలచుకునే పేరు గోర్డన్ డంకన్. 1964లో పుట్టాడు, పెర్త్‌షైర్ వాడు. పైపర్ల కుటుంబం. వేల్ ఆఫ్ అథోల్ బ్యాండ్‌లో పెరిగాడు, పోటీ సంగీతం క్షుణ్ణంగా తెలుసు. పొట్టకూటికి చెత్త సేకరించే ఉద్యోగం చేశాడు. వేళ్ల వేగం విన్నవాళ్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

ఆయన ఏం మార్చాడో సూటిగా చెప్పుకోవాలి. చాంటర్ మీద తొమ్మిది స్వరాలే అన్నాం కదా. మామూలుగా మూసే వేళ్లను వేరే క్రమంలో మూసి, డంకన్ మామూలుగా పలికే అంతర గాంధారం బదులు దానికంటే కిందిదైన సాధారణ గాంధారం పలికించేవాడు. పోటీలో ఇలాంటి వేళ్ల క్రమాన్ని తప్పు కింద లెక్కగడతారు. స్వరం నుంచి స్వరానికి జారేవాడు. ఐర్లాండ్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ, స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతాల నృత్య గతుల్ని తెచ్చి హైలాండ్ పైప్ మీద పెట్టాడు. ఏసీ/డీసీ రాక్ బ్యాండ్ పాట 'థండర్‌స్ట్రక్'ను పైపుల మీద వాయించాడు. గ్లాస్గో కాలేజ్ ఆఫ్ పైపింగ్ స్థాపకుల్లో ఒకరు, గట్టి విమర్శకుడు అయిన షేమస్ మక్‌నీల్‌కు ఈ ధోరణి నచ్చలేదు. డంకన్ 1994లో తెచ్చిన ఆల్బమ్‌కు 'జస్ట్ ఫర్ షేమస్' అని పేరు పెట్టి జవాబిచ్చాడు. 2005లో, 41 ఏళ్లకే చనిపోయాడు. అదే ఏడాది మొదట్లో మార్టిన్ బెనెట్ కూడా పోయాడు. 1971లో పుట్టిన బెనెట్ పైపులనూ స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో పాడిన గొంతులనూ ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతంతో కలిపినవాడు. చిన్న దేశానికి ఒకే ఏడాదిలో అది పెద్ద నష్టం.

తర్వాత జరిగిందే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. డంకన్ కట్టిన ట్యూన్లు ఇప్పుడు పెద్ద పోటీ బ్యాండ్ల మెడ్లీల్లో, అంటే ట్యూన్లు గుచ్చిన మాలికల్లో, మామూలుగా వినిపిస్తాయి. ఒకప్పుడు పెద్దల్ని కోప్పడేలా చేసిన వాయింపు ఇప్పుడు పిల్లలకు పాఠ్యాంశం. డంకన్ ఎక్కడ జారాడో అక్కడే జారి, ఎక్కడ గుత్తి వదిలేశాడో అక్కడే వదిలేసే కుర్రాళ్లూ ఉన్నారు. తిరుగుబాటును అక్షరాలా అనుకరిస్తే దాన్ని సొంత శైలి అనాలా, కొత్త పుస్తకం అనాలా? రెండోదే అనిపిస్తుంది. కానీ డంకన్ దగ్గర నేర్చుకున్న రాస్ ఐన్స్‌లీ లాంటివాళ్లను వింటే, అనుకరణగా మొదలైనది తమదిగా మారడం కూడా వినిపిస్తుంది. ఏ వయసులో వింటున్నామన్నది కూడా తేడా తెస్తుంది. పదహారేళ్ల వయసులో అనుకరించడం తప్పేమీ కాదు కదా.

ఐర్లాండ్: మార్చకపోతేనే లోటు

ఐర్లాండ్‌లో ఇలిన్ పైప్స్ అనే వేరే రకం ఉంది. నోటితో ఊదరు, చంక కింద చిన్న కొలిమితిత్తి పెట్టుకుని మోచేతితో గాలి కొడతారు. కూర్చుని వాయిస్తారు. రెండు స్థాయిల స్వరాలు పలుకుతాయి. చాంటర్ కొసను తొడ మీద ఆన్చి అన్ని రంధ్రాలూ మూస్తే శబ్దం నిజంగానే ఆగిపోతుంది. అంటే హైలాండ్ పైపర్‌కు లేని నిశ్శబ్దం వీళ్ల చేతిలో ఉంది. మణికట్టుతో మీటి తోడు స్వరాలు పలికించే రెగ్యులేటర్లు కూడా ఉంటాయి.

జాగా ఎక్కువ కాబట్టి శైలులూ ఎక్కువ. స్వరాలను కలిపి, జారుడుగా, ఊపిరాడనివ్వకుండా వాయిస్తే ఓపెన్ శైలి. ఒక్కో స్వరాన్ని విడగొట్టి టకటకా పలికిస్తే టైట్ శైలి. సంచార జాతికి చెందిన జానీ డోరన్ మొదటిదానికి పేరు పడ్డాడు. అమెరికా వెళ్లి స్థిరపడ్డ ప్యాట్సీ టూహీ రెండోదానికి. షేమస్ ఎనిస్ రెంటినీ కలిపాడు. డబ్లిన్‌లో పైపులు తయారుచేస్తూ తరాల పిల్లలకు నేర్పిన లియో రౌసమ్‌ది మరో దారి. వీళ్లలో ఎవరినైనా నాలుగు ఆవృత్తాలు వింటే పేరు చెప్పేయవచ్చు. ఐరిష్ పైపింగ్‌లో సంప్రదాయం అంటే ఇంతమంది వేర్వేరు మనుషుల వేళ్ల గుర్తులే.

ఇక్కడ మార్పు ఎలా జరుగుతుందో లెక్కేసి చూద్దాం. సాధారణ రీల్‌కు ఎనిమిది బార్ల (బార్ అంటే ఒక తాళ ఖండం) భాగాలు రెండుంటాయి. ఒక్కో భాగాన్ని రెండుసార్లు వాయిస్తే ఒక చుట్టు 32 బార్లు. మామూలు వేగంలో 35 సెకన్ల దాకా పడుతుంది. మూడు చుట్లు వాయిస్తే రెండు నిమిషాలలోపే పాట అయిపోతుంది, కానీ ప్రతి భాగం ఆరుసార్లు వినిపిస్తుంది. మొదటి భాగంలో పొడవాటి పంచమం ఒకటి ఉందనుకుందాం. మొదటిసారి పైపర్ దాన్ని సాదాగా పట్టుకుంటాడు. రెండోసారి రోల్ వేస్తాడు: పంచమం, పైనుంచి ఒక తాకు, మళ్లీ పంచమం, కిందినుంచి ఒక తాకు, మళ్లీ పంచమం, అంతా అదే వ్యవధిలో. మూడోసారి దాన్ని మూడు చిన్న స్వరాలుగా విడగొడతాడు. నాలుగోసారి రెగ్యులేటర్ కలుపుతాడు. అయిదోసారి చాంటర్ మూసి ఆ చోట ఖాళీ వదిలేస్తాడు. ఆరోసారి మళ్లీ సాదాగా, కానీ ఇప్పుడు ఆ సాదాతనానికి వేరే బరువు వస్తుంది. ఇవేవీ ముందే రాసుకున్నవి కావు. ఆరుసార్లూ ఒకేలా వాయిస్తే తప్పు అని ఎవరూ అనరు, కానీ ఇంకా నేర్చుకుంటున్నాడు అనుకుంటారు.

పైపర్ తయారవడానికి ఇరవై ఒక్క ఏళ్లు పడుతుందని ఐరిష్ వాళ్లలో ఒక నానుడి ఉంది: ఏడేళ్లు నేర్చుకోవడం, ఏడేళ్లు సాధన, ఏడేళ్లు వాయించడం. సొంత శైలి చివరి ఏడేళ్లలో వస్తుందని అందులో ఉన్న లెక్క. ఇప్పటి పిల్లలు ఆ లెక్కను ఒప్పుకోవడం లేదు, అలాగని పూర్తిగా తోసెయ్యడమూ లేదు.

రికార్డింగ్ అనే కొత్త పుస్తకం

ఐర్లాండ్ కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అక్కడా చిక్కుంది. 1947లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ తరఫున కెవిన్ డనహర్ జానీ డోరన్ వాయింపును రికార్డు చేశాడు. మరుసటి ఏడాది డోరన్ ఉంటున్న బండి మీద గోడ కూలింది. 1950లో ఆయన చనిపోయాడు. మనకు మిగిలింది ఆ కొద్ది నిమిషాలే. ఆ రికార్డింగులు లేకపోతే ఈ తరానికి డోరన్ అంటే ఒక పేరు మాత్రమే. అవి ఉండబట్టే, సంతల్లో రోజుకో రకంగా వాయించిన మనిషి ఒక్కసారి వాయించిన పాఠం శాశ్వత పాఠం అయిపోయింది. ఇంకో రోజు వాయించి ఉంటే వేరేగా ఉండేది. కానీ ఇవాళ డబ్లిన్‌లోనో బోస్టన్‌లోనో ఉన్న పిల్ల ఆ రికార్డింగును సగం వేగానికి తగ్గించి, ఒక్కో వేలి కదలికా పట్టుకుని అచ్చంగా దింపగలదు.

1968లో పైపర్లు కలిసి నా పీబరీ ఇలిన్ అనే సంస్థ పెట్టుకున్నారు. అప్పటికి వాయించేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఆ సంస్థ పాత రికార్డింగులను పోగుచేసింది, పిల్లలకు నేర్పింది, పైపుల తయారీ కూడా నేర్పింది. 1973 నుంచి క్లేర్ కౌంటీలోని మిల్‌టౌన్ మల్‌బే ఊళ్లో విలీ క్లాన్సీ పేరుతో ఏటా జులైలో వేసవి బడి జరుగుతోంది. 2017లో ఇలిన్ పైపింగ్ యునెస్కో జాబితాకెక్కింది. ఇదంతా గొప్ప విజయం. దానితోపాటే పిల్లలందరూ అవే బళ్లలో, అవే రికార్డింగుల మీద పెరుగుతున్నారు. ఒకప్పుడు డోరన్ ఒక కౌంటీ వాడికి, ఎనిస్ ఇంకొకరికి గురువు. ఇప్పుడు అందరికీ అందరూ గురువులే. కాబట్టి ఊరి శైలి అనేది పలచబడి, మనిషి తనకు నచ్చిన గురువును ఎంచుకోవడమే శైలి అవుతోంది.

స్కాట్లాండ్‌లో జడ్జి చేతి పుస్తకం చేసిన పనిని ఐర్లాండ్‌లో రికార్డింగ్ చేస్తోందని నా అభిప్రాయం. ఆ పిల్లల మీద ఒత్తిడి తెస్తున్నది పూర్వీకులు కాదు, పూర్వీకులను మనం భద్రపరిచిన తీరు.

గలీసియాలో తిరగబడ్డ వాదన

స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న గలీసియాలో గైతా అనే బ్యాగ్‌పైప్ ఉంది. ఊరి పండగలో గైతా వాయించేవాడికి తనదైన శ్రుతి, తనదైన వేళ్ల పద్ధతి ఉండేవి. చాలామంది పాతవాళ్లు 'మూసిన' పద్ధతిలో వాయించేవారు, అంటే పలికే స్వరానికి కావాల్సిన రంధ్రం తప్ప మిగతావి మూసే ఉంచడం. తర్వాత బళ్లు, పెద్ద బృందాలు వచ్చాక 'తెరిచిన' పద్ధతి, అందరికీ ఒకే శ్రుతి మామూలయ్యాయి.

1990ల్లో ఔరెన్సే ప్రాంతంలో పెద్ద గైతా బ్యాండ్లు తయారయ్యాయి. యూనిఫాంలు, స్కాటిష్ తరహా డ్రమ్ములు, మార్పులు చేసిన గైతాలు, వరసలో నడక. వేల పిల్లలు చేరారు. సంప్రదాయ గైతా సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఇది మా సంగీతానికి స్కాటిష్ కోటు తొడగడం అన్నది వాళ్ల బాధ. బ్యాండ్ల వైపువాళ్ల మాట ఏమిటంటే, ఇంతమంది పిల్లల చేతికి గైతా ఇంకెవరు ఇచ్చారు అని. అంటే ఇక్కడ ఒకేలా వాయించడం కొత్త పోకడ, ఎవరి తీరులో వాళ్లు వాయించడం పాత సంప్రదాయం. పాత ఊరి గైతా వాయిద్యకారుల మూసిన పద్ధతి వెతికి పట్టుకుని నేర్చుకునే గలీసియా కుర్రాడు సంప్రదాయవాదా, తిరుగుబాటుదారా? రెండూను. అదే సమయంలో కార్లోస్ నున్యెజ్, సుసానా సెయ్‌వానే లాంటివాళ్లు ఏ శిబిరంలోనూ ఇమడకుండా ప్రపంచ వేదికలకు వెళ్లారు. సెయ్‌వానే గైతాలు చేసే ఇంటి పిల్ల.

పోటీని సమర్థించేవాళ్ల మాట

పుస్తకం, జడ్జి, పోటీ అనగానే స్వేచ్ఛకు అడ్డు అనుకోవడం తేలిక. సమర్థించేవాళ్ల వాదనలో చాలా బలముంది, దాన్ని పూర్తిగా వినాలి.

మొదటిది, పోటీలే లేకపోతే పీబ్రాక్ మిగిలేది కాదేమో. కొలువులు పోయాక పది నిమిషాలకు పైగా నెమ్మదిగా సాగే సంగీతాన్ని వినడానికి డబ్బులిచ్చేవాళ్లెవరు? గోల్డ్ మెడల్ ఆశే దాన్ని తరానికి తరానికి అందించింది. రెండోది, శ్రుతి శుద్ధి. ఇవాళ్టి మంచి జూనియర్ బ్యాండ్ ఎంత కచ్చితంగా శ్రుతి కలుపుతుందో వింటే ఆ క్రమశిక్షణ విలువ తెలుస్తుంది. మూడోది కొంచెం సున్నితమైన విషయం. కచ్చితమైన కొలత ఉంటే పేదింటి పిల్లకైనా, పైపర్ల వంశంలో పుట్టని పిల్లకైనా అవకాశం దొరుకుతుంది. రసం, ముద్ర, ప్రతిభ అనే కొలతలు పెడితే పేరున్న ఇంటివాళ్లకే మార్కులు పడే ప్రమాదం ఉంది. గుత్తి శుభ్రంగా పడిందా లేదా అన్నది ఎవరి కూతురైనా ఒకేలా వినిపిస్తుంది.

అటువైపు వాళ్ల జవాబు కూడా తేలిగ్గా తీసెయ్యలేం. కొలవగలిగినదానికే మార్కులు వేస్తే, పిల్లలు కొలవగలిగినదే సాధన చేస్తారు. గుత్తులు ఏటికేడు శుభ్రమవుతాయి, వాయింపు ఏటికేడు ఒకేలా అవుతుంది. కెనడాలోని కేప్ బ్రెటన్ ద్వీపం దీనికి ఒక సాక్ష్యం. స్కాట్లాండ్ నుంచి వలస వెళ్లిన గేలిక్ కుటుంబాలు అక్కడ పోటీల నీడ పడకముందు చాలాకాలం చెవితోనే నేర్చుకుంటూ, నృత్యం కోసం, కుర్చీలో కూర్చుని పాదంతో తాళం వేస్తూ పైపులు వాయించారు. గుత్తులు తక్కువ, ఊపు ఎక్కువ. 20వ శతాబ్దం చివర్లో స్కాటిష్ సంగీతకారులు కొందరు అక్కడికి వెళ్లి విన్నాక, తమ దేశంలో సంప్రదాయంగా చలామణి అయినదాన్ని మళ్లీ ప్రశ్నించుకోవాల్సి వచ్చింది.

ఇప్పటి పిల్లలు ఎంచుకుంటున్న దారులు

స్కై ద్వీపానికి చెందిన బ్రీచ హైంబల్ మాతృభాష గేలిక్. పోటీ పైపింగ్‌లోనే పెరిగింది. 2016లో బీబీసీ రేడియో 2 యువ జానపద అవార్డు గెలిచింది. ఇప్పుడు ఎక్కువగా స్మాల్‌పైప్స్ వాయిస్తుంది. ఇవి చంక కింద కొలిమితిత్తితో గాలి కొట్టే, మెత్తగా పలికే చిన్న స్కాటిష్ పైపులు. ఆమె సంగీతంలో డ్రోన్ వెనక ఉండే శ్రుతి కాదు. ముందుకొచ్చి పాటతో సమానంగా నిలబడుతుంది. బల్గేరియా బ్యాగ్‌పైప్ అయిన గైదా ట్యూన్లు నేర్చుకుంది, శాక్సోఫోన్ కళాకారుడు కోలిన్ స్టెట్సన్‌తో కలిసి వాయించింది. ఇంత చేసినా ఆమె ట్యూన్లలో చాలావరకు పాత గేలిక్ పాటల మీదే నిలబడ్డాయి. ఆమెను సంప్రదాయం కిందా కొత్తదనం కిందా విడదీయబోతే ఎక్కడ గీత గీయాలో తెలియదు.

మరికొందరు ఇంకా వెనక్కి వెళ్లి స్వేచ్ఛ వెతుక్కుంటున్నారు. పీబ్రాక్‌ను గేలిక్ పాటతో కలిపి చూడాలని గ్లెన్‌విగ్‌కు చెందిన అలన్ మక్‌డొనాల్డ్ 1990ల్లోనే వాదించాడు. పాడేటప్పుడు మాట ఎక్కడ బరువుగా పడుతుందో స్వరం అక్కడ నిలవాలి. అచ్చు పుస్తకం చాలాచోట్ల దానికి ఎదురుగా ఉంది అన్నది ఆయన గమనింపు. పాత రాతప్రతులను పీబ్రాక్ సొసైటీ ఇప్పుడు స్వయంగా ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. గురువు అనుమతి కోసం చూడకుండా పద్దెనిమిదేళ్ల పిల్ల 1797 నాటి పాఠాన్ని ఫోన్‌లో తెరిచి, 1838 పాఠం పక్కన పెట్టుకుని, ఏది తన చెవికి పాటలా వినిపిస్తోందో తేల్చుకోవచ్చు.

తేల్చుకున్నాక అసలు టెన్షన్ మొదలవుతుంది. పోటీ వేదిక మీద అలవాటైన పాఠం వాయిస్తే జడ్జి ప్రతి గుత్తినీ తనకు తెలిసినదానితో పోల్చుకోగలడు. పాత పాఠం వాయిస్తే తప్పు వాయించిందా, కావాలని వాయించిందా అని ఒక్క క్షణం అనుమానం వస్తుంది. మెడల్ పోవడానికి ఆ క్షణం చాలు. అందుకే ఇప్పటికీ చాలామంది యువ పైపర్లు పోటీకి ఒక పాఠం, కచేరీకి మరో పాఠం అని రెండూ చేతిలో ఉంచుకుంటున్నారు. కొత్త తరం జడ్జిలు ఇదే రాతప్రతులు చదువుకుని ఆ కుర్చీల్లోకి వచ్చినప్పుడు ఆ రెండు పాఠాల మధ్య దూరం ఎంత తగ్గుతుందో చూడాలి.